నా తోక అవతలి అంచున ఉంది

నేను ఒక పిట్టను. అంటే, టేకు చెక్కమీద చెక్కిన పిట్టను. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లు ముందు చెక్క అంటారు, తిరగేసి చూశాక పిట్ట అంటారు. రెండూ నిజమే కాబట్టి ఆ విషయంలో నాకెవరితోనూ పేచీ లేదు. నా పేచీ అంతా నా తోక గురించే.

నా జాతి పేరు తోక పిగిలిపిట్ట. నల్లని తల, నెత్తిన చిన్న జుట్టు, తెల్లని ఒళ్లు, వెనకాల ఒంటిని మించి సాగే రెండు పొడుగాటి ఈకలు. మామిడితోటలో ఎగురుతుంటే పిట్ట ముందు వెళ్లిపోయి, తోక తర్వాత తీరిగ్గా వచ్చినట్టు ఉంటుందట. "ట" అని ఎందుకంటున్నానంటే, నేను అసలు పిట్టను ఎన్నడూ చూడలేదు. నన్ను చెక్కిన ముక్తేశ్వరాచారి కూడా చూడలేదు. చూసినవారల్లా చిదంబరం పంతులుగారు ఒక్కరే.

పంతులుగారు తెల్లదొరల కాలంలో బందరులో బడిపంతులు. మంచివారే గాని కోపం ముక్కుమీద ఉండేది. ఆ కోపం పిల్లలమీద కాదు, పుస్తకాలమీద. దొరల సీమనుంచి వచ్చే ప్రకృతిశాస్త్ర పుస్తకాల్లో ముచ్చటైన చెక్క అచ్చు బొమ్మలుండేవి. ఒక్కో పేజీకి ఒక్కో పిట్ట, ఈక ఈకా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. కాని అవన్నీ మంచులో తిరిగే పిట్టలు. బందరు ఎండలో చెమటలు కక్కుతూ పిల్లలు ఆ పిట్టల పేర్లు వల్లె వేస్తుంటే పంతులుగారికి ఒళ్లు మండిపోయేది. మన పిట్టలకేం తక్కువ అనుకున్నారు. సెలవు దొరికితే చాలు, తోటలూ తుప్పలూ పట్టుకు తిరిగి, చూసిన ప్రతి పిట్టనూ కాగితంమీద గీసుకున్నారు. తెలుగులో పక్షుల పుస్తకం వేయించడం ఆయన జీవితాశయమైపోయింది.

అచ్చు వెయ్యడానికి బందరులోనే గవర్రాజుగారి ముద్రాక్షరశాల ఉంది. బొమ్మలు చెక్కేవాళ్లు మాత్రం లేరు. పక్కనే పెడనలో బట్టల అద్దకానికి అచ్చులు చెక్కే పనివాళ్లుండగా ఇంకెక్కడికో పోవడమెందుకని పంతులుగారు తిన్నగా ముక్తేశ్వరాచారి పాకకు వెళ్లారు. నా కథ అక్కడ మొదలైంది. నా చిక్కూ అక్కడే మొదలైంది.

"ఆచారీ, ఈ పిట్టకు తోకే ప్రాణం. వెంట్రుకవాసి తగ్గించావంటే నేనూరుకోను" అన్నారు పంతులుగారు, తాను గీసిన బొమ్మ చాపమీద పరిచి.

ఆచారి ఆ బొమ్మనూ, గవర్రాజుగారు కొలతకిచ్చిన చదరపు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "చెక్క చాలదండి మరి. పిట్టని కాస్త చిన్నది చేద్దామా అండి?"

"పిట్టను చిన్నది చేస్తే ఆ కన్నేం కనపడుతుంది, ఆ జుట్టేం కనపడుతుంది? కుదరదు."

"పోనీ చెక్క పెద్దది తీసుకుందామండి."

"పేజీలో అంతకంటే చోటు లేదయ్యా. చెక్క పెరగకూడదు, పిట్ట తగ్గకూడదు, తోక అసలే తగ్గకూడదు. నీ నేర్పంతా అందులోనే ఉంది."

ఇంకొకరైతే ఆ మాటకు లేచి దండం పెట్టి పంపించేసేవారు. ఆచారి మాత్రం "ఓస్, అంతేగదండీ" అన్నాడు. నిజంగానే అది ఆయనకు పెద్ద పని కాదు. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చెక్కినవి బట్టల అచ్చులే. బట్టమీద ఒకే అచ్చును పక్కపక్కన గుద్దుకుంటూ పోతారు. లత కుడి అంచు దాటి పోయిందంటే ఎడమ అంచులోంచి మళ్లీ లోపలికి రావాలి. అలా వస్తేనే అచ్చుకూ అచ్చుకూ అతుకు కనపడకుండా లత బారెడు పొడుగునా సాగిపోతుంది. ఒక అంచున వదిలింది రెండో అంచున అందుకోవాలని ఆయన తండ్రి చిన్నప్పుడే వేళ్లమీద కొట్టి నేర్పాడు. కాబట్టి నా తోక కుడి అంచుదాకా వచ్చి చోటు చాలక ఆగిపోయినప్పుడు, ఆచారి ఉలి క్షణమైనా తడబడలేదు. మిగిలిన తోకను తీసుకెళ్లి ఎడమ అంచున, సరిగ్గా నా ముక్కు ఎదుట, చివరి ఈక కొసదాకా చక్కగా చెక్కేశాడు.

పిట్ట తగ్గలేదు, తోక తగ్గలేదు, చెక్క పెరగలేదు. కాకపోతే నేను ఒక చోట ఉన్నాను, నా తోక కొస ఇంకో చోట ఉంది. నన్ను తీసుకొచ్చి నా పక్కనే పెడితే తోక అతుక్కుంటుంది. ఒంటరిగా ఉన్నంతకాలం అది నాది కాదు. ఇంత చిన్న సంగతి లోకానికి అర్థం కావడానికి ఎంత కాలం పట్టిందో మీరే వింటారు.

గవర్రాజుగారు నా వీపు కోయించి సీసపు అక్షరాల ఎత్తుకు సరిచేసి, తొలి ప్రూఫు తీశారు. దాన్ని చూసి ఆయన నొసలు చిట్లించారు. "ఇదేంటండీ పంతులుగారూ, పిట్ట ముక్కు ముందు ఈ పీలికేంటి? ఉలితో లేపేస్తే సరి" అని సొరుగులోంచి ఉలి కూడా తీశారు. నా ప్రాణం గుటుక్కుమన్నంత పనైంది. చెక్కకు ప్రాణమెక్కడిదంటారా, నా ప్రాణమంతా ఆ పీలికలోనే ఉంది.

పంతులుగారు కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశారు. ఆయన ముఖం చాటంతయింది. "ఆపండాపండి! అది పీలిక కాదు, నార! ఈ పిట్ట అరటినార పీక్కెళ్లి గూడు కట్టుకోవడం నా కళ్లారా చూశాను. ఆచారికి నేను చెప్పనైనా చెప్పలేదు. చెప్పకుండానే చెక్కాడు చూశారా, అదీ పనితనమంటే!"

"మరి తోక కొస తెగిందేమండీ?"

"కాగితం ఎక్కడో జరిగుంటుంది. మీవాళ్ల పని నాకు తెలియదా?"

ఆ విధంగా నా తోక నార అయింది. పంతులుగారు అక్కడే నిలబడి పుస్తకంలో ఒక వాక్యం చేర్చారు: "ఈ పిట్ట పొడవైన నారను ముక్కుతో లాగి గూడు కట్టును." ఆయన సంతోషం చూస్తే కోపం రాలేదు నాకు. మనుషులు ఒకటి ఇష్టపడ్డారంటే, దాన్ని నమ్మడానికి కావలసిన సాక్ష్యాలు వాళ్లే వెతుక్కుంటారు.

పుస్తకం బయటికొచ్చాక పంతులుగారు ఆచారిని ఇంటికి పిలిపించారు. పీట వేసి కూర్చోబెట్టి, నేనున్న పేజీ తెరిచి ఆయన చేతికిచ్చారు. ఆచారి ఆ పేజీని ఎంతసేపో చూశాడు. అంత తెల్లని కాగితంమీద నేను ఒక్కదాన్నే, తోక తెగి, ముక్కు ముందు ముక్క వేలాడదీసుకుని ఉన్నాను. "ఒక్కటే వేశారేం?" అని తనలో తాను గొణుక్కున్నాడు. పైకి చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

ఈలోపు పంతులుగారు అందుకున్నారు. "ఆ నార చెక్కావు చూడు, ఆచారీ! ఆ ఒక్కదానితో పుస్తకానికే వన్నె తెచ్చావు. సీమలో కూడా నీలాంటివాడు ఉండడయ్యా!" పంతులుగారి భార్య జోగమ్మగారు లోపల్నుంచి బొబ్బట్లు తెచ్చి పెట్టింది. తెరిచిన నోట్లోకి బొబ్బట్టు వెళ్లింది గాని, నిజం బయటికి రాలేదు. అంత ఆప్యాయంగా పొగిడే మనిషితో, అది నార కాదు బాబూ అనడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

తిరిగి వెళ్తూ ఆచారి ముద్రాక్షరశాలకు వచ్చాడు. అలమారలోంచి నన్ను తీసి, సిరా మరకలంటిన నా ముఖాన్ని పంచె కొంగుతో తుడిచాడు. "నిన్ను నీ పక్కన పెట్టేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు రాకపోరులే" అన్నాడు మెల్లగా. ఆ మాటను నేను గుండెలో దాచుకున్నాను. ఆ తర్వాత నా బతుకంతా ఆ ఒక్క ఎదురుచూపే.

పుస్తకం బాగానే ఆడింది. బళ్లలో పిల్లలు నా వాక్యాన్ని వల్లె వేశారు. పంతులుగారు పోయేనాటికి బందరు చుట్టుపక్కల ఏ పిల్లవాణ్ణి అడిగినా, తోక పిగిలిపిట్ట నార లాగుతుందని టక్కున చెప్పేవాడు. ఆ తర్వాత పాఠాలు మారాయి, పుస్తకం అటకెక్కింది, నేను గవర్రాజుగారి అలమారలో ఉండిపోయాను.

నన్ను మళ్లీ వెలుగులోకి తెచ్చినవాడు రామానుజయ్య అనే నాటువైద్యుడు. నులిపురుగులకు ఆయన తయారుచేసే లేహ్యం సీసాలకు చీటీ కావాలట. అలమారలో వెతుకుతూ నన్ను చూసి ఎగిరి గంతేశాడు. "ఇదేనయ్యా నాక్కావలసింది! పురుగును పట్టి ఎలా లాగుతోందో చూడు!" అన్నాడు. నార కాస్తా నులిపురుగైంది. మామిడితోటల్లో ఎగరాల్సిన పిట్టను, పోయిపోయి పొట్ట మందు సీసామీదికెక్కాను.

అక్కడితో ఆగితే బాగుండేది. పురుగు పురుగులా కనపడాలి, దానికి కన్ను పెట్టమన్నాడు. అక్షరాలు పేర్చే కంపోజిటరు సన్నటి మేకుతో నా తోక కొసన ఒక చుక్క పొడిచాడు. నాకెంత మంటెత్తిందో చెప్పలేను. నోరు కూడా పెట్టమన్నాడు గాని, ఆయనతో వచ్చిన భార్య అడ్డుపడింది. "నోరు గూడా పెడితే పిల్లలు జడుసుకుని మందు తాగుతారా? చాల్లే, ఊరుకోండి" అంది. ఆ తల్లి పుణ్యమా అని కన్నుతోనే బయటపడ్డాను. మందు పనిచేసిందో లేదో తెలియదు గాని, చీటీ మాత్రం ఊరూరా తిరిగింది.

రామానుజయ్య తర్వాత నేను శుభలేఖలమీద ఎక్కాను. అక్కడ నా తోక పెళ్లివారికి పూలదండగా కనపడింది. తర్వాత ఒక నాటకం వాళ్లు వచ్చి రాయబారపు లేఖ అన్నారు. చూసేవాడికి ఏది కావలసి ఉంటే నా ముక్కు ముందు అదే ఉన్నట్టు తోచేది. తోక అని మాత్రం ఒక్కరి నోట రాలేదు. ప్రతివాళ్లూ నన్ను ఒక్కసారే గుద్దేవాళ్లు, పక్కకు తీసి పెట్టేసేవాళ్లు. కాగితంమీద ఒక బొమ్మ చాలు మనుషులకు. కొంతకాలానికి పెద్ద యంత్రాలొచ్చి చెక్క బొమ్మల అవసరమే తీరిపోయింది. గవర్రాజుగారి మనవడి హయాంలో నన్ను తీసుకెళ్లి ఊగుతున్న బల్ల కాలికింద పెట్టారు. నా ముఖం నేలకు ఆనుకుని ఉండేది. అక్కడ చీమలు తప్ప నన్ను చూసే దిక్కు లేదు. అయినా ఆచారి మాట మరిచిపోలేదు నేను.

ఆ బల్ల కిందినుంచి నన్ను బయటికి లాగినావిడ నళినీకుమారి. బందరు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఆదివారం వచ్చిందంటే మెడలో బైనాక్యులర్ వేసుకుని, వెంట పదిమందిని వేసుకుని, పిట్టల్ని చూడ్డానికి బయలుదేరుతుంది. ఆవిడ ఇంటి గోడలనిండా పాత ప్రకృతిశాస్త్ర పుస్తకాల్లోని చెక్క అచ్చు పిట్టలే, అద్దాలు కట్టించుకుని. మూసేస్తున్న ప్రెస్సులో పాత బొమ్మలేమైనా దొరుకుతాయేమోనని వచ్చి, ఒక కాలు పొట్టిగా ఉన్నా బల్ల ఎందుకు ఊగడంలేదా అని వంగి చూసిందట. పట్టి పట్టి చూసేవాళ్లంటే నాకందుకే ఇష్టం.

ఇంటికి తీసుకెళ్లి పాత టూత్‌బ్రష్షుతో నన్ను శుభ్రంగా తోమింది. తోక పిగిలిపిట్ట అని వెంటనే గుర్తుపట్టింది. నా ఆనందం పట్టశక్యం కాలేదు. కాని ఆవిడ అక్కడితో ఆగలేదు. తన పిట్టల బృందంవాళ్లకు గుడ్డ సంచులు కుట్టించి, వాటిమీద నన్ను వేయించాలనుకుంది. శాస్త్రం చెప్పే మనిషి కదా, బొమ్మలో తప్పుండకూడదు. ఈ పిట్ట గాలిలో పురుగుల్ని పట్టి తింటుంది గాని, ఇంత పొడుగు పాకే పురుగును, అందులోనూ కన్నున్నదాన్ని, లాగదు. అందుకని ఆ ముక్క తీసేయించాలి. మరి తోక తెగి ఉంది గదా అంటే, దానికీ దారి ఆలోచించింది. ఈ జాతిలో ఆడపిట్టకు పొడుగుతోక ఉండదు కాబట్టి ఆడపిట్ట అనుకుంటే సరిపోతుందట! ఆడపిట్టను కావడంలో నాకేమీ నామోషీ లేదు. ఉన్న తోకను లేదనిపించుకోవడమే నా బాధ.

బట్టమీద వెయ్యాలి గనుక పెడన తీసుకెళ్లింది. ఎక్కడ పుట్టానో అక్కడికే. అద్దకం పాకలో అడుగు పెట్టగానే కరక్కాయ వాసన, తడి బట్ట వాసన, వరసగా బల్లలమీద టప్ టప్ మని అచ్చులు గుద్దే చప్పుడు. గోడలనిండా మేకులకు లతలు, పువ్వులు, మామిడిపిందెలు చెక్కిన అచ్చులు. ఎన్నాళ్లకో చుట్టాలింటికి వచ్చినట్టయింది. ఆ పాక వీరవేణిది. ఆవిడ నన్ను నూనెలో నానబెట్టి, వీపుమీద పిడి కొట్టించి, తన చేతికి తగ్గట్టు చేసుకుంది.

"ఈ ముక్క తీసేయించాలి వీరవేణిగారూ. ఇదిగో, ముక్కు ముందున్నది" అంది నళినీకుమారి, నా తోక కొసను వేలితో చూపిస్తూ.

"అట్టాగేనండి. మా తమ్ముడు తీస్తాడండి, వాడి చెయ్యి తేలిక. ఒరేయ్ శేషూ, సన్న ఉలి పట్రా!"

శేషు ఉలి తీసుకుని వచ్చి నిలబడ్డాడు. గవర్రాజుగారి ఉలి తప్పింది, రామానుజయ్య మేకు గుచ్చుకున్నా బతికి బట్టకట్టాను. ఇంతకాలం కాపాడుకున్నది, అంచు దాటినదాన్ని అందుకోవడం తెలిసినవాళ్ల ఊళ్లోనే, పోబోతోంది. ఆచారి మాట వట్టి ఓదార్పేనన్నమాట అనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది. నూనెలో నానిన చెక్కను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"ఉండరా, ముందొకటి కొట్టి చూద్దాం. ఎందాకా తియ్యాలో తెలుస్తది" అంది వీరవేణి. నన్ను నల్లరంగులో అద్ది, కరక్కాయ పట్టించిన బట్టమీద పెట్టి పిడికిలితో ఒక్కటి గుద్దింది. టప్. ఎప్పటిలాగే ఒక పిట్ట, తెగిన తోక, ముక్కు ముందు ముక్క. నళినీకుమారి వంగి చూసి, ఎక్కడ చెక్కాలో శేషుకు చూపించడానికి అతనివైపు తిరిగింది.

ఆ మాటలు వింటూనే వీరవేణి చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఏళ్లతరబడి అచ్చులు గుద్దిన చెయ్యి అది. ఒకటి గుద్దితే దాని పక్కనే అంచుకు అంచు ఆనించి రెండోది గుద్దడం దానికి అలవాటు, ఊపిరి తీసినంత అలవాటు. నన్ను రంగులో అద్దింది, మొదటి పిట్ట అంచుకు తెచ్చి ఆనించింది. టప్.

"అయ్యయ్యో, చెయ్యి ఊరుకోక ఇంకోటి పడిపోయిందండి మేడంగారూ. బట్ట పాడుచేశాను" అంది నాలిక కరుచుకుని.

నళినీకుమారి ఇటు తిరిగింది. కళ్లజోడు పైకి తోసుకుని బట్టమీదికి అంతా వంగిపోయింది. మొదటి పిట్ట తోక, అంచు దాటి, రెండో పిట్ట ముక్కు ఎదుటికి వచ్చి, కొసన చిన్న చుక్కతో ముగిసింది. ఎక్కడా తెగలేదు. వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

"ఉలి లోపల పెట్టు బాబూ!" అని కేకేసింది. "పురుగు కాదిది! తోక! దీని తోకే ఇది! వీరవేణిగారూ, ఇంకోటి కొట్టండి. ఇంకోటి!"

టప్. టప్. టప్. ఒకదాని వెనక ఒకటి, పొడుగాటి తోకలు వదులుతూ పిట్టలు బట్టమీద బయలుదేరాయి. నేను నా పక్కన ఉన్నాను. నా ముందు నేను, నా వెనక నేను. ఆ సంతోషం ఎలాంటిదో మీకు చెప్పడం నా వల్ల కాదు. మీరందరూ పుట్టుకతోనే మొత్తంగా పుట్టారు.

"ఎవరు చెక్కారోగానండి, బట్టకోసమే చెక్కారు" అంది వీరవేణి.

"కాదండీ, ఇది పుస్తకానికి చేయించింది. దీని వీపు చూడండి, కాగితం అచ్చు ఎత్తుకు కోశారు."

"పుస్తకానికి ఇట్టా ఎవరు చెక్కుతారండీ?"

నళినీకుమారి గోడనిండా ఉన్న లతలకేసి ఒకసారి చూసింది. "మీ ఊరాయనై ఉంటాడు" అంది. ఇద్దరూ పగలబడి నవ్వారు. నళినీకుమారి కళ్లు మాత్రం చెమర్చాయి. ఎన్నడూ చూడని ఒక మనిషి ఉలి చప్పుడు ఆవిడకు ఆ క్షణాన వినిపించిందని నా నమ్మకం.

సంచులు మాత్రం అనుకున్నట్టు ఒక్కొక్క పిట్టతో రాలేదు. చుట్టూరా పిట్టల బారుతో వచ్చాయి. కుట్టేముందు మాత్రం నాకు ఒక్క దిగులు మిగిలింది. బట్టకు మొదలూ చివరా ఉంటాయి. చివరి పిట్ట తోక అంచున తెగిపోతుంది. మొదటి పిట్ట ముక్కు ముందు ఎవరిదో తోక కొస అనాథలా ఉంటుంది. బారులో ఎన్ని పిట్టలున్నా ఆ రెండు చోట్లా పాత బాధ అలాగే ఉంది. వీరవేణి కుట్టుమిషను ముందు కూర్చుని బట్టను గుండ్రంగా తిప్పింది. ఆ చివరను ఈ మొదలుకు తెచ్చి, అంచులు సరిచూసి, నిలువునా కుట్టు వేసింది. చివరి పిట్ట తోక వెళ్లి మొదటి పిట్ట ముక్కు ముందరి కొసను అందుకుంది.

ఇప్పుడు నేను పెడనలోనే, వీరవేణి పాకలో, లతల మధ్య ఒక మేకుకు వేలాడుతూ ఉంటాను. పని ఉన్నప్పుడు దిగుతాను. తోక కొసన రామానుజయ్య పొడిపించిన కన్ను అలాగే ఉంది. అది ముత్యంలా ముచ్చటగా ఉందని సంచులు కొన్నవాళ్లు అంటున్నారట. అననివ్వండి. నళినీకుమారి భుజాన సంచి ఊగుతుంటే, దానిమీద మొదటి పిట్ట ఏదో, చివరి పిట్ట ఏదో నాకే తెలియదు.

ఈసారి ఒక్కటే వెయ్యలేదు ఆచారిగారూ.